పంతొమ్మిది దెబ్బల నగారా

ఆ కొండకోటలో ఒక నగారా ఉండేది. కింద ఊళ్ళో పంతొమ్మిది వీధులు ఉండేవి. నగారా మీద వీధికో దెబ్బ పడేది. ఆ దెబ్బ పడితేనే ఆ వీధి మనుషుల గుండె కొట్టుకుంటుంది, పడకపోతే ఆగిపోతుంది. ఇది ఊళ్ళో ఎవరూ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేని సంగతి.

నగారా పగలూ రాత్రీ మోగుతూనే ఉండేది. తోలు నడిమధ్యన పడేది రాజుగారి దెబ్బ. తర్వాత అంచు చుట్టూ వరసగా పంతొమ్మిది. మళ్ళీ మధ్యన, మళ్ళీ చుట్టూ. తల్లులు చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని, కోట వైపు వేలు చూపించి, "ఇదిగో, ఇప్పుడు పడిందే, ఇది మనది" అని నేర్పేవాళ్ళు. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తేముందు రాజుగారికి దండం పెట్టుకునేవాళ్ళు. గుండె ఇచ్చినవాడికి ఆ మాత్రం పెట్టకపోతే ఎట్లా?

పగలు ఆ నగారా కొట్టేది ఓబులమ్మ. మొగుడు కొట్టేవాడు, అతను పోయాక కర్రలు ఆమె చేతికొచ్చాయి. రాత్రిళ్ళు కొట్టేది మరిది లింగప్ప. అతనికి కళ్ళకు పొరలు కమ్మి ఏదీ సరిగ్గా కనపడదు. చేతులు పట్టుకుని దెబ్బ దెబ్బా నేర్పింది ఓబులమ్మే. ఆమె చెయ్యి ఎంత దూరం పోతుందో అతని చెయ్యీ అంతే దూరం పోయేది.

ఒక ఉదయం రాజుగారి సేనను నడిపే దళవాయి నగారా గదిలోకి వచ్చాడు. చేతిలో మసి నూరిన చిప్ప ఉంది. దాన్ని కింద పెట్టి, "బట్టీల వీధి ఆపు" అన్నాడు.

ఓబులమ్మ చేతులు కొడుతూనే ఉన్నాయి. "ఏం చేసినారు సామీ?" అని మాత్రం అడిగింది.

"రాజుగారు కోట గోడకు రాళ్ళు మోయమన్నారు. 'మేం మొయ్యం' అన్నారంట. ముందుండి మాట్లాడింది ఒక ఆడమనిషి." దళవాయి ఆమె ముఖంలోకి చూడలేదు. "నీ కూతురే అనుకుంటా."

అవును, ఆమె కూతురే. తిమ్మక్క. బట్టీల వీధిలో ఇటుకలు కాల్చుకునే చెన్నప్పకు ఇచ్చారు. చిన్నప్పటి నుంచీ నోరు గట్టిది. "మా పొయ్యికే మూడో రాయి లేదు, మీ గోడకు ఎన్ని మొయ్యాలి?" అని కోట మెట్ల మీదే నిలబడి అడిగిందట. రాజు మీద అంత కోపం తెచ్చుకున్న మనిషికి కూడా, తన గుండె రాజుది కాదేమో అన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. చెప్తే విడ్డూరంగా ఉంటుంది గానీ ఆ ఊరు అట్లాంటిది.

ఒక వీధి దెబ్బ ఆపితే ఏమవుతుందో ఓబులమ్మకు తెలుసు. మొగుడి కాలంలో సంత వీధి ఆపారు. ఎవరూ వాళ్ళ మీద చెయ్యి వెయ్యలేదు. చాటింపు విన్నారు, ఇళ్ళలోకి పోయారు, చాపలు పరుచుకుని పడుకున్నారు. మూడో రోజు పొద్దు వాలేసరికి ఒక్కరు మిగల్లేదు. ఆ ఇళ్ళలోకి వేరే ఊరివాళ్ళను తెచ్చి పెట్టి, మళ్ళీ దెబ్బ మొదలుపెట్టారు. మొగుడు ఆ తర్వాత చాలా కాలం చేతులు కడుక్కుంటూనే ఉండేవాడు.

ఆపాల్సిన వీధి చోట తోలు మీద మసి పూయాలి. పూసినచోట కర్ర పడకూడదు. ఓబులమ్మ ఎడమ చేత్తో దెబ్బలు తప్పకుండా కొడుతూ, కుడి చేత్తో దీపం దగ్గరికి లాక్కుంది. ఆ గదిలో పొగచూరిన చీకటి. ఇన్నేళ్ళలో తోలును అంత దగ్గరగా దీపం పెట్టి చూడాల్సిన అవసరం ఆమెకు రాలేదు. దళవాయి చూస్తుండగా మసి పూసింది. ఆయన వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమె కన్ను పక్కన ఉన్న చోటు మీద పడింది.

మూడేళ్ళ కిందట, అరువు తెచ్చిన నగారా మీద దెబ్బలు తప్పకుండా కొట్టిస్తూ దీనికి కొత్త తోలు బిగించినప్పుడు, ఏ వీధి ఎక్కడో గుర్తుకు అంచు చుట్టూ సున్నం బొట్లు పెట్టారు. కర్ర పడీ పడీ ఆ బొట్లు పది రోజుల్లోనే చెరిగిపోయి, తోలు నున్నగా నల్లబడింది. పద్దెనిమిది చోట్ల అట్లాగే ఉంది. ఒక్కచోట మాత్రం సున్నం బొట్టు నిన్న పెట్టినట్టు తెల్లగా ఉంది. దాని మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు.

అది గాజుల వీధి చోటు. ఓబులమ్మ సొంత వీధి.

ఆమె కర్ర ఎత్తి అటు చాచి చూసింది. ఆ తోలు బిగించడానికి కొద్ది రోజుల ముందు కోట మెట్ల మీద జారి పడింది, అప్పటి నుంచి భుజం పూర్తిగా లేవదు. కర్ర కొన ఆ బొట్టుకు జానెడు ఇవతలే గాల్లో ఆగిపోయింది. కొడుతున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ. విన్నాననే అనుకుంది. లింగప్ప కూడా అదే జానెడు ఇవతల ఆగి ఉంటాడు. మూడేళ్ళుగా గాజుల వీధికి దెబ్బ లేదు. మరి ఆమె ఎట్లా బతికి ఉంది?

ఆలోచన ఏదైనా, తల్లి మనసు కదా. దళవాయి మెట్లు దిగిన చప్పుడు తగ్గగానే ఆమె మసి పూసిన చోట కర్ర వేసింది. కర్ర కొన నల్లగా అయింది. ప్రతి చుట్టులోనూ బట్టీల వీధి దెబ్బ మామూలు కన్నా గట్టిగా కొట్టింది. సాయంత్రం లింగప్ప వచ్చేదాకా మానలేదు. లింగప్ప చెయ్యి ఎట్లాగూ అలవాటు ప్రకారం పోతుంది, అతనికి మసి కనపడదు. ఆమె అతనికి ఏమీ చెప్పకుండా కొండ దిగింది.

బట్టీల వీధి మొదట్లో కావలివాళ్ళు అడ్డంగా తాడు కట్టి నిలబడ్డారు. నగారా మనిషి కాబట్టి ఆమెను పోనిచ్చారు. వీధిలో కుక్క తప్ప ఏదీ కదలడం లేదు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ చాపల మీద మనుషులు వెల్లకిలా పడుకుని, పైకి చూస్తున్నారు. పొయ్యిల మీద కుండలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

తిమ్మక్క, చెన్నప్ప పక్కపక్కనే పడుకుని ఉన్నారు. కూతురి పెదాలు అప్పటికే తెల్లబడ్డాయి.

"లెయ్ తిమ్మక్కా," అంది ఓబులమ్మ. "పొద్దున్నించీ మీ దెబ్బ నేను కొడతానే ఉండా. వినపళ్ళేదా?"

"చాటింపు వేసినారు గదమ్మా," అంది తిమ్మక్క మెల్లగా. "ఆపేసినారు. నాకేమీ వినపడలే."

ఓబులమ్మ చాప మీద కూర్చుని సున్నం బొట్టు సంగతి చెప్పింది. భుజం సంగతి, జానెడు దూరం సంగతి, మూడేళ్ళ సంగతి. చెన్నప్ప తల తిప్పి శ్రద్ధగా విన్నాడు. తిమ్మక్క మాత్రం తల్లిని అదోరకంగా చూసింది.

"అయితే మ్మా," అంది, "మీ వీధోళ్ళంతా ఎప్పుడో చచ్చిపోయినారేమో. మీకు తెలీలేదేమో."

ఓబులమ్మ ఇంటికి వస్తూ గాజుల వీధిలో మనుషుల్ని ఒక్కొక్కరినే చూసింది. ఎదురింటామె వాకిట్లో చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ముసలాయన అరుగు మీద ఎప్పటిలాగే కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఉన్నారు. ఎప్పటిలాగే ఉండడమే ఆమెకు భయమేసింది. తన చెయ్యి తనే గిల్లుకుంది. నొప్పి పుట్టింది గానీ, చచ్చినవాళ్ళకు నొప్పి పుట్టదని ఎవరు చెప్పారు?

రెండో రోజు సాయంత్రం మళ్ళీ పోయింది. ఈసారి తాడు దగ్గర చెన్నప్ప ఉన్నాడు. అత్త మాట అతనికి ఎక్కింది. గోడ పట్టుకుంటూ వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. కావలివాడు అతని రొమ్ము మీద చెయ్యి వేసి ఆపాడు. కొట్టలేదు, తిట్టనైనా తిట్టలేదు. రోగిష్టి మనిషితో మాట్లాడినట్టు, "పడుకో పో నాయనా. నీ దెబ్బ ఆగిపోయింది. ఎందుకు కష్టపడతావు?" అన్నాడు. చెన్నప్ప అతని చెయ్యి వంక చూశాడు. ఆ చెయ్యి కింద తన గుండె ఉందో లేదో అతన్నే అడుగుదామన్నట్టు నోరు తెరిచాడు. తర్వాత వెనక్కి తిరిగి పోయి పడుకున్నాడు.

మూడో రోజు తెల్లారేసరికి అతను పోయాడు. ఆ వీధిలో మరో నలుగురు పోయారు. ఆ వార్త కొండెక్కి వచ్చేసరికి ఓబులమ్మ చేతిలో కర్రలు ఉన్నాయి. కూతురికి ఇంక పొద్దు వాలేదాకే గడువు.

ఆమె మధ్యాహ్నం దాకా కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియదు. చేతులు ఆపితే తిమ్మక్క పోతుందని భయం, ఆపకపోయినా పోతుందని తెలుసు. చివరికి కర్రలు రెండూ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోడకున్న తోలు కోసే కత్తి తీసుకుంది. నగారా మధ్యన, రాజుగారి చోట, పిడిదాకా దించి ఇవతలికి లాగింది. తోలు చిరిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. ఒక పాత చీర చింపినంత.

తర్వాత చప్పుడు లేదు.

ఆ ఊరు పుట్టినప్పటి నుంచి అట్లాంటిది లేదు. ఓబులమ్మ కింద కూలబడింది. నేల మీద పడుకుని కళ్ళు మూసుకుంది. తను చేసిన పనికి ఊరంతా చస్తుంది, ముందు తనే చస్తుంది అనుకుంది. కూతురిని తలుచుకుని గట్టిగా ఏడ్చింది. ఏడుపు అయిపోయింది. ఆమె ఇంకా ఉంది.

అప్పుడు వినపడింది. ఎక్కడో దగ్గరగా, చాలా చిన్నగా, తడి గుడ్డ మీద పిడికిలితో తట్టినట్టు. గదిలో ఎవరైనా ఉన్నారేమోనని కళ్ళు తెరిచింది. ఎవరూ లేరు. ఊపిరి బిగబట్టింది. అయినా వినపడింది. అది వరస ప్రకారం లేదు. ఆమె భయపడితే తొందరపడింది, భయం తగ్గితే నెమ్మదించింది. పంతొమ్మిది వీధుల్లో దేని దెబ్బా ఎప్పుడూ అట్లా లేదు.

ఓబులమ్మ కొండ దిగింది. ఊరంతా ఎక్కడివాళ్ళు అక్కడే పడిపోయి ఉన్నారు. నూనె కొలిచేవాడు కొలత చేత్తో పట్టుకునే కూలబడ్డాడు. బావి దగ్గర ఆడవాళ్ళు బిందెల పక్కన వరసగా పడుకున్నారు. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. అందరూ దేన్నో వింటున్నారు. ఒకరిద్దరు అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, దొంగిలించిన వస్తువు దాచుకున్నట్టు చుట్టూ చూస్తున్నారు.

బట్టీల వీధి తాడు దగ్గర కావలివాళ్ళు కూడా కింద పడి ఉన్నారు. ఆమె వాళ్ళను దాటుకుని పోయింది. తిమ్మక్క చాప మీద లేచి కూర్చుని ఉంది. పక్కన చెన్నప్ప మీద దుప్పటి కప్పి ఉంది.

"లోపల ఎవరో ఉన్నారు మ్మా," అంది తిమ్మక్క. ఆమె గొంతులో భయం ఉంది.

"ఎవరూ లేరు. నువ్వే."

"ఎవరు కొడతా ఉండారు?"

"ఎవరూ కొట్టడంలే."

తిమ్మక్క చాలాసేపు వింది. తర్వాత దుప్పటి వైపు తిరిగి మొగుడి రొమ్ము మీద చెవి పెట్టింది. అక్కడ ఏమీ లేదు. అప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు వీధంతా వినపడింది. ఆ ఏడుపుకే బట్టీల వీధి మనుషులు ఒక్కొక్కరూ లేచి వచ్చారు.

సాయంత్రానికి ఊరు ఊరంతా లేచింది. అందరూ కలిసి కోటకు ఎక్కారు. ఎవరూ అడ్డుకోలేదు. రాజుగారు పట్టెమంచం మీద కాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి, చేతులు ఒంటికి ఆనించి పడుకుని ఉన్నారు. పోయి చాలాసేపయింది. ఆయన ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నగారా ఆగిందని ఆయనకు తెలిసింది. ఆగాక కూడా బతకొచ్చని చెప్పేవాళ్ళు ఎవరూ ఆ గదిలోకి పోలేదు.

కోట మెట్ల మీద నిలబడి తిమ్మక్క మాట్లాడింది. ఆ మాటలు ఆ ఊరివాళ్ళు ఎప్పటికీ మర్చిపోలేదు. "ఈ గుండె మనకు ఎవురూ ఇయ్యలే. పుట్టినప్పుడు మనతోనే వచ్చింది. ఇచ్చినోడే లేనప్పుడు తీసుకునే అధికారం ఎవురికుంది? ఈ ఊరు ఇంక మనది." జనం నిలబడి విన్నారు. కొందరు ఏడ్చారు. మర్నాడు ఆ మాటల్ని కోట గోడ మీద సున్నంతో పెద్ద అక్షరాల్లో రాశారు. ఓబులమ్మకు చదువు రాదు, అయినా ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది. కూతురు మాట్లాడిన మాటలు కదా, ఛాతీ ఉప్పొంగింది. ఇంత సుఖం తన జీవితంలో ఎప్పుడూ లేదనుకుంది.

ఎనిమిదో రోజు తిమ్మక్క గాజుల వీధికి వచ్చింది. వెనక ఇద్దరు మనుషులు ఒక పచ్చితోలు మోసుకొచ్చి అరుగు మీద దించారు.

"ఇదెందుకు?" అంది ఓబులమ్మ.

"నగారా బిగించల్లమ్మా. అది లేక జనం తలా ఒక దిక్కు పోతా ఉండారు. ఒకరు లేచేటప్పుడు ఒకరు పడుకుంటారు. గోడ పని ఆగిపోయింది. కాలవ పని ఆగిపోయింది. ఇప్పుడు రాజు లేడు, మనదే గదా నగారా. మనకోసరమే కొట్టుకుంటాం."

ఓబులమ్మ తోలు అంచు పట్టుకుని చూసింది. మంచి తోలు. తిమ్మక్క మనుషులు అప్పుడే అంచు చుట్టూ సున్నం బొట్లు పెట్టి తెచ్చారు. ఆమె వేలితో ఒక్కొక్కటే తాకుతూ చుట్టూ పోయింది. పద్దెనిమిది ఉన్నాయి.

"ఏ వీధి లేదు?" అని అడిగింది.

తిమ్మక్క కళ్ళ కింద నల్లగా ఉంది. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. "నా మొగుడు బతకాలని ఆ తాడు దాకా నడిచిపోయినాడు మ్మా," అంది. "కావలోళ్ళు పడుకోమన్నారు. నేను ఎవరినీ కొట్టమనడంలే, చంపమనడంలే. వాళ్ళుండే కావలి వీధి దెబ్బ కొట్టొద్దు అంటా ఉండా. అంతే."

"కొట్టకపోతే ఏమవుతుంది తిమ్మక్కా? ఏమీ కాదని చెప్పింది నువ్వే గదా. గోడ మీద రాయించింది నువ్వే గదా."

"ఏమీ కాకపోతే నీకెందుకు మ్మా అంత బాధ?" అంది తిమ్మక్క. "చాటింపు పొద్దున్నే వేయించినా."

ఎనిమిది రోజుల కిందట ఓబులమ్మ ఏ ప్రాణం కోసం కత్తి పట్టిందో ఆ ప్రాణమే ఎదురుగా నిలబడి ఈ మాట అంటోంది. చెంప మీద ఒకటి వేద్దామనిపించింది. దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుందామనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. తోలును అరుగు మీదే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కావలి వీధికి పరిగెత్తింది.

ఆ వీధికి ఎవరూ తాడు కట్టలేదు. కట్టాల్సిన అవసరమే లేకపోయింది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మగవాళ్ళు చాపల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కొండ మీద నగారా ఇంకా చిరిగే ఉంది. ఊళ్ళో ఎక్కడా ఏ దెబ్బా పడటం లేదు. అయినా వీళ్ళు పడుకున్నారు.

మొదటి ఇంట్లో ఒక కావలివాడి పెళ్ళాం ఇంకా తిరుగుతోంది. పిల్లలకు తలస్నానం చేయించి, నూనె రాసి, తల దువ్వి, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా చాప మీద పడుకోబెడుతోంది. ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళకు ఉతికిన బట్టలు తొడిగింది. ఆమె ముఖంలో తొందర లేదు. ఇంత పద్ధతిగా చేస్తున్న పనిని చూసి ఓబులమ్మకు గడప దాటడానికి కూడా భయమేసింది.

"నగారా లేదు తల్లీ," అంది. "నా చేతుల్తో నేనే కోసినా. ఆపేదానికి ఏమీ లేదు. నువ్వు వినలేదా, ఆ పొద్దు? నీది నీకు వినపళ్ళేదా?"

"వినపడింది పెద్దమ్మా," అంది ఆ తల్లి. "ఇప్పుడూ వినపడతా ఉంది. కానీ ఎవురినీ అడక్కుండా ఎన్నాళ్ళని కొట్టుకుంటుంది?" పెద్దపిల్ల చేతులు ఒంటికి ఆనించి సరిచేసింది. "మాది ఆపమన్నది ఎవరు పెద్దమ్మా?"

ఓబులమ్మ అబద్ధం చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. "నా కూతురు," అంది.

ఆ తల్లి తల ఊపింది. "చచ్చి లేచిన మనిషి గదా ఆయమ్మ. ఆయమ్మకు తెలీకుండా ఉంటుందా?" అని, పిల్లల పక్కన తనూ పడుకుని, చివరిదాని రొమ్ము మీద జోకొట్టడం మొదలుపెట్టింది.

చివరిది రెండేళ్ళది. దానికి ఇంకా ఏ దెబ్బ ఎవరిదో నేర్పలేదు. అది లేచి కూర్చుని, "ఆకలి" అంది. తల్లి మెల్లగా పడుకోబెట్టింది. అది మళ్ళీ లేచి కూర్చుంది. తల్లి ఈసారి కొంచెం గట్టిగా పడుకోబెట్టింది. అది ఏడుస్తూ మళ్ళీ లేచి, "అమ్మా, ఆకలి" అంది. పక్కన పడుకున్న రెండో పిల్ల కళ్ళు తెరిచి చెల్లెలి వైపు చూసింది.

ఓబులమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, ఆ ఇంట్లో రాగిపిండి ఎక్కడుందో వెతకసాగింది.